మొదటి మోటారు సైకిలు: ఎన్నుకొను విధము

వానకాలపు వరికోతలు ముగిసి, ధాన్యము అమ్మిన సొమ్ము ఖాతాలలో జమయైన కొలది దినములకు మిర్యాలగూడ పరిసర గ్రామములలోని అనేక గృహములందు ఒకే ప్రశ్న తలయెత్తును. ఇంటర్మీడియెటు చదువు ముగించి పట్టణములోని కళాశాలకో, ఏదేని కొలువునకో పోవలసిన కుమారుడు మోటారు సైకిలు కొనిపెట్టుమని పట్టుపట్టును. అతడు కోరునది చలనచిత్రములలో చూచిన పెద్ద బండి. తల్లి భయపడును. తండ్రి ఎటూ తేల్చుకొనలేక రచ్చకట్ట వద్ద పంచాయతీ సభ్యుని కలిసికొని, "అన్నా, పోరనికి ఏ బండి ఇప్పియ్యాలె? నువ్వే చెప్పు" అని అడుగును.

ఈ ప్రశ్నకు సభ్యుడిచ్చు సమాధానము చిన్న విషయము కాదు. భారతదేశమున 2022వ సంవత్సరములో రోడ్డు ప్రమాదములవలన 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖవారి నివేదిక తెలుపుచున్నది. వీరిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనములపై పోవుచుండినవారే. శిరస్త్రాణము, అనగా హెల్మెట్టు, ధరింపక మరణించినవారు 50,029 మంది. ఈ అంకెల వెనుక ఉన్న కుటుంబములలో మన పల్లెల కుటుంబములును కలవు. కావున మొదటి బండిని ఎన్నుకొనుటలో ఏయే అంశములు పరిశీలింపవలెనో, ఆ విషయమున పంచాయతీ సభ్యులు ఎట్టి సలహా ఇయ్యగలరో ఈ వ్యాసమున వివరించుచున్నాము. ఏ ఒక్క కంపెనీని సమర్థించుట గాని, మరియొకదానిని నిందించుట గాని మా ఉద్దేశ్యము కాదు.

మన రోడ్ల స్వభావము

బండి ఏ రోడ్డుపై నడువవలెనో తెలియకుండ బండిని ఎన్నుకొనుట, నేల స్వభావము తెలియకుండ విత్తనము కొనుటవంటిది. నాగార్జునసాగర్ నిర్మాణమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టులో కాలువలకు నీరు విడువబడినది. ఎడమ కాలువ నీటితో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతముల మెట్టభూములు మాగాణులైనవి. ధాన్యము పెరిగినది, ధాన్యముతోపాటు రైసు మిల్లులు పెరిగినవి, మిల్లులతోపాటు లారీలు, ట్రాక్టర్లు పెరిగినవి. ఈ అభివృద్ధి మనకు గర్వకారణమే. అయితే పదునెనిమిదేండ్ల యువకుడు తొలిసారిగా బండి నడుపవలసినది ఈ లారీల నడుమనే యని మరువరాదు.

మన ప్రాంతపు యువకుడు ఒక్క దినములోనే నాలుగు విధములైన రోడ్లను దాటవలసియుండును. మొదటిది పల్లెలోని సిమెంటు వీథి. ఇచ్చట పిల్లలు, కోళ్లు, గేదెలు అడ్డువచ్చును. రెండవది పొలమునకు పోవు కాలువ కట్ట. వానకాలమున ఇచ్చటి బురద చక్రములకు అంటుకొని బండి జారును. మూడవది మండల కేంద్రమునకు పోవు తారు రోడ్డు. దీనిపై దమ్ము చక్రముల ట్రాక్టర్లు చేసిన గుంతలును, కోతల కాలమున ఆరబోసిన ధాన్యమును ఉండును. నాలుగవది పెద్ద రహదారి. సూర్యాపేట, మునగాల, కోదాడ మీదుగా హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ నంబరు జాతీయ రహదారి. మిర్యాలగూడ మీదుగా వాడపల్లి వద్ద కృష్ణానదిని దాటి పోవు నార్కట్‌పల్లి–అద్దంకి రహదారి. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడలను కలుపు 167వ నంబరు జాతీయ రహదారి ఇట్టివి.

ఈ నాలుగింటిలో కొత్తవానికి వేగము పనికివచ్చు రోడ్డు ఏదియు లేదు. వానికి పనికివచ్చునవి మూడు: బండి తన అదుపులో నుండుట, అవసరమైనచోట నిలుచుట, గుంతలలో ఒరగకుండుట. మొదటి బండిని ఈ మూడు గుణములను బట్టియే ఎన్నుకొనవలెను.

బండి బరువు, నడుపువాని కొలత

అంగడిలో మొదట అడుగవలసిన ప్రశ్న "ఎంత వేగము పోవును?" అనునది కాదు, "ఎంత బరువు? సీటు ఎంత ఎత్తు?" అనునది. సాధారణముగా 100 సిసి బండ్లు 100 నుండి 120 కిలోల వరకు తూగును. 150 సిసి బండ్లు 140 కిలోలు, అంతకు పైగాను ఉండును. 350 సిసి బులెట్టువంటి బండి బరువు 190 కిలోలకు పైమాటే. రోడ్డుపై వేగముగా పోవునప్పుడు ఈ భేదము తెలియదు. గుంతలో నిలిచినప్పుడు, బురదలో ఒరిగినప్పుడు, ఇరుకు వీథిలో మళ్లించునప్పుడు మాత్రము వెంటనే తెలియును. యాభై ఐదు కిలోల బరువుగల యువకుడు తన బరువునకు మూడింతలకు పైగా నున్న ఇనుమును ఒక కాలిపై ఆపజాలడు.

కొనుటకు ముందు అంగడిలోనే ఈ నాలుగు పరీక్షలు చేయవలెను. ఇందులకు ఖర్చు లేదు.

మొదట, స్టాండు తీసి బండిపై కూర్చుండవలెను. రెండు పాదముల ముందుభాగములు, వీలైనచో మడమలు సైతము, నేలకు ఆనవలెను. కాలివ్రేళ్ల కొనలు మాత్రమే తగులుచున్నచో ఆ బండి అప్పటికి తగినది కాదు. పొట్టివారు సీటు ఎత్తు 80 సెంటీమీటర్లకు లోబడిన బండ్లను చూచుట మేలు.

రెండవది, బండిపై కూర్చుండియే పాదములతో పది అడుగులు వెనుకకు నెట్టవలెను. నెట్టలేనిచో కళాశాల వాకిటనో, సంతలోనో బండిని బయటకు తీయుట కష్టమగును.

మూడవది, దిగి నిలువబడి, బండిని కొంచెము తనవైపు ఒరగించి మరల నిలబెట్టవలెను. పక్కన మరియొకరిని తోడుగా నుంచుకొని ఈ పరీక్ష చేయవలెను.

నాలుగవది, హ్యాండిలును కుడికిని, ఎడమకును పూర్తిగా త్రిప్పి చూడవలెను. చేతులు చాచి ముందుకు వంగవలసివచ్చు బండ్లు పందెములకు అందముగా నుండును గాని, పల్లె వీథులలో మలుపు తిరుగుటకు అనుకూలములు కావు. నడుము నిటారుగా నుండి, మోచేతులు కొంచెము వంగియుండు బండియే కొత్తవానికి తగినది.

బండి కొనువాడు నడుపువానిని అంగడికి తోడ్కొనిపోకుండ, రంగు చూచి బయానా ఇచ్చుట మన పల్లెలలో తరచుగా జరుగుచున్నది. చెప్పుల జత కొనుటకైనను కాలు కొలత చూతుము గదా!

ఇంజను శక్తి ఎంత అవసరము?

సిసి అనునది ఇంజనులో పిస్టను కదలు స్థలముయొక్క ఘనపరిమాణము. సాధారణముగా అది పెరిగినకొలది శక్తియు, పెట్రోలు ఖర్చును పెరుగును. మన దేశమున బులెట్టు మోటారు సైకిళ్లు 1955 నుండి మద్రాసులో తయారగుచు వచ్చినవి. అవి చాలకాలము పోలీసులకు, సైనికులకు, కలిగినవారికి మాత్రమే అందుబాటులో నుండెను. మోటారు సైకిలు సామాన్య రైతు వాకిటికి వచ్చుటకు ముఖ్య కారణము 1985లో ప్రారంభమైన నూరు సిసి, నాలుగు స్ట్రోకుల బండ్లు. అవి తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరము పోయెను. నేటికిని 100 నుండి 125 సిసి వరకు గల బండియే మన రోడ్లకు, మన అవసరములకు చాలును. ఇద్దరు పెద్దలు కూర్చుండినను అది గంటకు 50, 60 కిలోమీటర్ల వేగముతో శ్రమ లేకుండ పోగలదు. కొత్తవానికి అంతకు మించిన వేగముతో పనిలేదు.

వేగమును గూర్చిన ఈ చిన్న లెక్కను ప్రతి యువకునికి చెప్పవలెను. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక సెకనులో 11 మీటర్లు పోవును. అడ్డంకిని చూచి బ్రేకు పట్టుటకు మనకు ఇంచుమించు ఒక సెకను పట్టును. ఆపైన, పొడి రోడ్డుమీద కొత్తవాడు బ్రేకు పట్టినచో బండి నిలుచుటకు మరి 12 మీటర్లు కావలెను. వెరసి 23 మీటర్లు. ఇక వేగము 80 అయినచో ఆ ఒక్క సెకనులో 22 మీటర్లు పోవును. నిలుచుటకు 12కు రెట్టింపు గాక నాలుగింతలు, అనగా 48 మీటర్లు కావలెను. వెరసి 70 మీటర్లు. వేగము రెండింతలైనప్పుడు బ్రేకు పట్టిన పిదప పోవు దూరము నాలుగింతలగుట ప్రకృతి నియమము. ఇది బండి ఖరీదును బట్టి మారునది కాదు.

ఈ లెక్కను కార్తీక మాసపు రాత్రికి అన్వయించి చూడుడు. రోడ్డులో సగము ధాన్యము పోసి, చుట్టును రాళ్లు పేర్చియున్నారు. దీపము లేదు. బండి చిన్న వెలుగులో ముప్పది, నలుబది మీటర్లకు మించి రాయి స్పష్టముగా కనబడుట అరుదు. నలుబది వేగముతో వచ్చువాడు నిలువగలడు. ఎనుబది వేగముతో వచ్చువాడు నిలువలేడు. వాని నేర్పు ఎంతటిదైనను చాలదు.

శక్తి హెచ్చుగా గల బండితో మరియొక చిక్కు కలదు. కొత్తవాడు గతుకులో కుదిలినప్పుడు తెలియకయే కుడిచేతి పిడిని త్రిప్పును. చిన్న ఇంజను ఆ తప్పును సహించి కొంచెము ముందుకు జరుగును. పెద్ద ఇంజను ఒక్కసారి దూకును. నేర్చుకొనువానికి తన తప్పులను సహించు బండి కావలెను. రెండు మూడు సంవత్సరములు అనుభవము వచ్చిన పిమ్మట పెద్దది కొనదలచినచో అప్పుడు కొనవచ్చును.

బ్రేకుల సంగతి

బ్రేకు పట్టినప్పుడు బండి బరువు ముందు చక్రముమీదికి వచ్చును. వెనుక చక్రము తేలికపడును. అందువలన నిలుపు శక్తిలో అధిక భాగము ముందు బ్రేకుదే. అయినను మన పల్లెలలో "ముందు బ్రేకు పట్టితే పల్టీ కొట్టును" అను భయము వ్యాపించియున్నది. వెనుక బ్రేకును మాత్రమే తొక్కువాని బండి ఎక్కువ దూరము పోవును. చక్రము బిగిసి పక్కకు జారుటయు కలదు. సరియైన పద్ధతి యేమనగా, హ్యాండిలును నిటారుగా నుంచి, రెండు బ్రేకులను ఒకేసారి, మెల్లగా మొదలుపెట్టి క్రమముగా బిగించుట. ఇసుక, బురద, ధాన్యపు గింజలు ఉన్నచోట బ్రేకు పట్టుట కంటె అచ్చటికి చేరకముందే వేగము తగ్గించుకొనుట క్షేమము.

2019 ఏప్రిల్ నుండి అమ్మబడు కొత్త బండ్లలో 125 సిసికి మించినవాటికి ఏబిఎస్ అను ఏర్పాటును, 125 సిసి వరకు గలవాటికి సిబిఎస్ గాని, ఏబిఎస్ గాని తప్పనిసరి చేయబడినవి. సిబిఎస్ ఉన్న బండిలో వెనుక బ్రేకు తొక్కినప్పుడు ముందు బ్రేకు కూడ కొంత పట్టును. ఏబిఎస్ చక్రము పూర్తిగా బిగిసిపోకుండ చూచును. అందువలన తడి రోడ్డుపై బండి అదుపు తప్పుట తగ్గును. రెండింటిలో ఏబిఎస్ మేలైనది. కొద్ది సొమ్ము ఎక్కువైనను, ఒకే తరగతి బండ్లలో ఏబిఎస్ గాని, ముందు చక్రమునకు డిస్కు బ్రేకు గాని ఉన్నదానిని ఎన్నుకొనుట వివేకము. రంగురంగుల బొమ్మలకు, పెద్ద శబ్దముచేయు సైలెన్సరుకు పెట్టు సొమ్మును ఇచ్చట పెట్టవలెను.

బరువులు మోయుటకు ఏది మేలు?

కొన్ని కుటుంబములలో బండి ముఖ్యముగా వ్యవసాయపు పనులకే ఉపయోగపడును. 45 కిలోల యూరియా బస్తా, పాల క్యానులు, మందు పిచికారి యంత్రము వంటివి మోయవలసియుండును. ఇట్టివారికి 100 సిసి మోపెడ్డు చాల అనుకూలము. గేర్లు లేవు, బరువు 90 కిలోలకు లోపే, కాళ్లముందు బస్తా నుంచుటకు చదునైన స్థలముండును. అయితే దానిపై కూడ పరిమితి కలదు. బస్తా హ్యాండిలుకు అడ్డముగా నున్నను, నడుపువాని కాలు బ్రేకు పైకి చేరకున్నను అది ప్రమాదమే. రెండు బస్తాలకు రెండు మారులు పోవుటలో నష్టము లేదు.

విద్యుత్తు స్కూటర్లు కూడ ఇప్పుడు పల్లెలకు వచ్చుచున్నవి. దినమునకు పోవలసిన దూరము నియతముగా నుండి, ఇంటివద్ద చార్జింగుకు సురక్షితమైన ప్లగ్గు ఉన్నవారికి ఇవి ఉపయోగకరములు. పిడి త్రిప్పిన వెంటనే ఇవి శబ్దము లేకుండ ముందుకు దూకునని కొత్తవారు గుర్తింపవలెను. మొదట తక్కువ శక్తినిచ్చు మీట మీదనే నేర్చుకొనవలెను.

ఏ బండియైనను, దాని విడిభాగములు మిర్యాలగూడలోగాని, హుజూర్‌నగర్‌లోగాని, కోదాడలోగాని దొరకునో లేదో, బాగుచేయగల మెకానిక్కు మండల కేంద్రమున ఉన్నాడో లేడో ముందుగా విచారింపవలెను. స్త్రీలు వెనుక కూర్చుండు బండికి చేతిపట్టు, పాదములకు ఆధారము, చీరకొంగు చక్రములో పడకుండ కాపాడు జల్లెడ తప్పక ఉండవలెను. వీటిని అందము కొరకై ఊడదీయరాదు.

పాత బండి కొనుట

నేర్చుకొనువాడు ఒకటి రెండు మారులు పడవేయుట సహజము గనుక, మొదట పాత బండి కొనుట తప్పు కాదు. కాని పరీక్షింపక కొనరాదు. బండి వెనుక నిలిచి చూచినప్పుడు రెండు చక్రములు ఒకే గీతలో నుండవలెను. హ్యాండిలు వదలిన బండి ఒకవైపునకు లాగుచున్నచో అది లోగడ గట్టిగా పడినదని అనుమానింపవలెను. ముందు ఫోర్కుల నుండి నూనె కారరాదు. టైర్ల గాడులు అరిగియుండరాదు. ఇంజను చల్లగా నున్నప్పుడే స్టార్టు చేయించి చూడవలెను.

కాగితముల విషయమున మరింత జాగరూకత అవసరము. రిజిస్ట్రేషను పత్రములోని చాసిస్ నంబరు, ఇంజను నంబరు బండిపై చెక్కిన నంబర్లతో సరిపోవలెను. బండి అప్పుపై కొన్నదైనచో, అప్పిచ్చిన సంస్థ ఇచ్చు నిరభ్యంతర పత్రము తీసికొనవలెను. 29, 30 నంబర్ల ఫారములతో యాజమాన్యపు మార్పిడి చేయించుకొనవలెను. అమ్మినవాడు అదే రాష్ట్రమువాడైనచో 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను రవాణా అధికారులకు తెలుపవలెనని చట్టము. "మనవాడే గదా, పేరు తరువాత మార్చుకొందము" అనుకొన్నచో, ఆ బండివలన జరుగు ప్రమాదమునకు కాగితములలో పేరున్న పాత యజమాని కోర్టుల చుట్టు తిరుగవలసివచ్చును. పంచాయతీ సభ్యులు ఇట్టి తగవులను ఎరుగనివారు కారు.

వెల అనగా బండి వెల మాత్రమే కాదు

కుటుంబము బండికై ఎంత సొమ్ము తీయదలచినదో, అందులోనుండి ముందుగా హెల్మెట్లు, లైసెన్సు, బీమా, మొదటి సంవత్సరపు సర్వీసు ఖర్చులు తీసివేసి, మిగిలిన దానితోనే బండి కొనవలెను. మన అలవాటు దీనికి విరుద్ధము. సొమ్మంతయు బండికే పెట్టి, హెల్మెట్టు తరువాత చూతమందురు. ఆ "తరువాత" అనునది కొందరి విషయమున రాకయే పోవుచున్నది.

హెల్మెట్టు ధరించుటవలన మోటారు సైకిలు ప్రమాదములలో మరణభయము నూటికి 42 పాళ్లు, తలకు దెబ్బతగులుట 69 పాళ్లు తగ్గునని అనేక పరిశోధనలను కలిపి పరిశీలించిన వైద్య నిపుణులు 2008లో తెలిపిరి. 2021 జూను నుండి ఐఎస్ఐ గుర్తుగల హెల్మెట్లు మాత్రమే తయారు చేయుటకును, అమ్ముటకును అనుమతి కలదు. రోడ్డుప్రక్కన అమ్ము పలుచని టోపీలు జరిమానా నుండి తప్పింపవచ్చునేమో గాని, తలను కాపాడవు. హెల్మెట్టు తలకు బిగువుగా పట్టవలెను; గడ్డము క్రింది పట్టీ తప్పక బిగింపవలెను. కొత్త ద్విచక్ర వాహనముతోపాటు హెల్మెట్టు ఇయ్యవలెనని కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో ఉన్నది. కొనువారు దానిని అడిగి తీసికొనవలెను. వెనుక కూర్చుండువారికి రెండవది కొనవలెను. తల్లి తల కుమారుని తల కంటె గట్టిది కాదు గదా!

చట్టము చెప్పునది

గేర్లుగల మోటారు సైకిలు నడుపుటకు 18 సంవత్సరములు నిండియుండవలెను. పదునారేండ్లవారికి ఇయ్యబడిన మినహాయింపు గేర్లు లేని 50 సిసి లోపు బండ్లకు మాత్రమే వర్తించును. మన పల్లెలలో తిరుగు మోపెడ్లు, స్కూటర్లు అంతకు మించినవే. ఇంటర్మీడియెటు పరీక్షలు వ్రాసిన నాటికి చాలమందికి పదునెనిమిది నిండవు. అట్టివారు కొన్ని నెలలు బస్సులో పోవుటయే శ్రేయస్కరము. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, పదునెనిమిది నిండనివాడు బండి నడిపి నేరము చేసినచో వాని సంరక్షకునికి గాని, బండి యజమానికి గాని 3 సంవత్సరముల వరకు జైలుశిక్షయు, 25,000 రూపాయల జరిమానాయు విధింపవచ్చును. ఆ బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దగును. ఆ బాలునికి 25 సంవత్సరములు నిండువరకు లైసెన్సు రాదు.

వయస్సు నిండినవాడు మొదట లెర్నరు లైసెన్సు పొందవలెను. అది 6 నెలలు చెల్లును. 30 దినములు గడిచిన పిమ్మట పరీక్షకు పోవచ్చును. నేర్చుకొను కాలమున బండికి ముందు, వెనుక ఎర్రని 'ఎల్' అక్షరము నుంచవలెను. నేర్పువానిని తప్ప ఇతరులను వెనుక కూర్చుండబెట్టుకొనరాదు. లైసెన్సు లేనివాడు ప్రమాదము చేసినచో, బీమా సంస్థ నష్టపోయిన కుటుంబమునకు ముందు చెల్లించినను ఆ సొమ్మును యజమాని నుండి వసూలు చేసికొనుటకు న్యాయస్థానములు అనుమతించుచున్నవి. యజమానికి లభింపవలసిన 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమాకు కూడ లైసెన్సు ఉండుట షరతు. కొన్ని వందల రూపాయల లైసెన్సు లేకపోవుటవలన ఎకరముల భూమి అమ్ముకొనవలసిన స్థితి రావచ్చును.

మొదటి నెల దినములు

తొలి వారము కోసిన పొలము ప్రక్క బంజరులోనో, సెలవుదినమున పాఠశాల మైదానములోనో నడుపవలెను. ఇచ్చట అభ్యసింపవలసినది వేగము కాదు. క్లచ్చి మెల్లగా విడుచుట, నడకవేగముతో తిన్నగా పోవుట, ఎనిమిది అంకె ఆకారమున తిరుగుట, చెప్పినచోట నిలుపుట. రెండవ వారము ఊరి వీథులలోను, మూడవ వారము పగటివేళ మండల రోడ్డుపైనను నడుపవలెను. రాత్రి ప్రయాణము, పెద్ద రహదారి, వెనుక మనిషి, ఈ మూడింటిని లైసెన్సు వచ్చిన తరువాత ఒక్కొక్కటిగా మాత్రమే మొదలుపెట్టవలెను. జాతీయ రహదారిపై దూరము కలిసివచ్చునని ఎదురు దిశలో పోవుట ఎంతటి అనుభవజ్ఞునికైనను ప్రాణాపాయమే. విభాజకము తెరచియున్నచోటికి ఒక కిలోమీటరు ఎక్కువ పోవుటకు పట్టునది రెండు నిమిషములు.

పంచాయతీ చేయదగిన పనులు

తండ్రికి సలహా చెప్పుటతో సభ్యుని బాధ్యత తీరదు. మంచి బండి, మంచి హెల్మెట్టు ఉన్నను, రోడ్డుపై రాళ్లున్నచో యువకుడు పడును. గ్రామసభలో ఈ క్రింది విషయములను చర్చించి తీర్మానింపవచ్చును.

ధాన్యము ఆరబెట్టుటకు రోడ్డు గాక వేరు స్థలము చూపుట మొదటిది. రైతు రోడ్డుపై ధాన్యము పోయుట మొండితనముచేత కాదు. వేరు చోటు లేకపోవుటచేత. లోగడ తెలంగాణమున ఉపాధి హామీ పథకము క్రింద కల్లములు నిర్మింపబడినవి. ఊరిలో ఉన్నవాటిని బాగుచేయించి, చాలనిచోట ఉమ్మడి కల్లమునకు స్థలము కేటాయింపవలెను. అంతవరకు రాళ్లు పేర్చుటను మాన్పించి, చీకటిపడకముందే ధాన్యమును ప్రోగుచేయించి రోడ్డు ప్రక్కకు తీయించు కట్టుబాటు చేయవలెను.

ట్రాక్టరు ట్రాలీల వెనుక ఎర్రని మెరుపు పట్టీలు అంటించుట రెండవది. ఇందులకగు ఖర్చు స్వల్పము. దీపము లేని ట్రాలీని రాత్రివేళ వెనుకనుండి గుద్దుకొను ప్రమాదములు దీనివలన తగ్గును.

ఊరి రోడ్డు పెద్ద రహదారిని కలియుచోట తుమ్మచెట్లు నరికించి, వీధిదీపము పెట్టించుట మూడవది. నేర్చుకొనువారికి ఒక మైదానమును, కొన్ని వేళలను కేటాయించి, అనుభవజ్ఞుడైన ఒకరిని తోడుంచుట నాలుగవది. ప్రమాదము చూచినవారు భయపడక 108కి ఫోను చేయవలెనని చాటింపు వేయించుట ఐదవది. గాయపడినవానికి సహాయపడినవారిని చట్టము 2019 సవరణ ద్వారా రక్షించుచున్నది. సాక్ష్యము చెప్పవలెనని గాని, పేరు తెలుపవలెనని గాని వారిని నిర్బంధించుటకు వీలులేదు.

చివరి మాట

ఇప్పుడు రచ్చకట్ట వద్ద ప్రశ్న అడిగిన తండ్రికి సమాధానము చెప్పవచ్చును. కుమారునికి పదునెనిమిది నిండినవా? లెర్నరు లైసెన్సు తీసికొన్నాడా? లేనిచో బండి మాట తరువాత. తీసికొన్నచో వానిని వెంటబెట్టుకొని అంగడికి పొమ్ము. రెండు కాళ్లు నేలకు ఆనునట్టి, వాడు స్వయముగా నెట్టగలిగినట్టి, మంచి బ్రేకులు గల 100 లేక 125 సిసి బండిని చూడుము. వెలలో రెండు హెల్మెట్లు కలుపుము. మొదటి నెల మైదానమును, ఊరి వీథిని, మండల రోడ్డును దాటనీయకుము.

కుమారుడు మొదట చిన్నబుచ్చుకొనవచ్చును. తోటివాని బండి పెద్దదని చెప్పవచ్చును. మొదటి బండి గొప్ప చూపుకొనుటకు కాదనియు, నేర్చుకొనుటకును, ప్రతి సాయంకాలము క్షేమముగా ఇల్లు చేరుటకునే యనియు ఊరిపెద్దలు చెప్పినచో అతడు తప్పక వినును. ఆ మాట చెప్పవలసినవారిలో పంచాయతీ సభ్యులు ముందుండవలెను. తమ ఇంటి యువకుని తలపై హెల్మెట్టు పెట్టించి చెప్పినప్పుడు ఆ మాటకు బలము మరింత హెచ్చును.